టాటెన్‌హామ్ పాలకమండలికి నెల్లూరు జిల్లా నుంచి ఒక బహిరంగ లేఖ (2025 వేసవిలో రాసినది)

టాటెన్‌హామ్ హాట్‌స్పర్ క్లబ్ కార్యనిర్వాహక అధ్యక్షులు డేనియల్ లెవీ గారికి, పాలకమండలి సభ్యులకు,

నమస్కారములు.

2025 జూన్ 6న, లండన్‌లోని మీ ఫుట్‌బాల్ జట్టుకు యూరోపా లీగ్ కప్పు గెలిపించిన మేనేజరు ఆంజ్ పోస్టెకోగ్లూ గారిని బాధ్యతల నుంచి తప్పించారు. ఆరు రోజులు గడిచాక, జూన్ 12న, థామస్ ఫ్రాంక్ గారికి జట్టును అప్పగించారు. ఈ రెండు నిర్ణయాల మీద మీ దేశపు పత్రికలలోనూ, అక్కడి అభిమానుల మధ్యనూ చెప్పవలసిన మాటలు చాలావరకు చెప్పేశారు. అయినా ఈ లేఖ రాయడానికి కారణం ఉంది. ఆ చర్చ అంతా ఆయనను ఉంచవలసిందా, పంపవలసిందా అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. నన్ను వేధిస్తున్న ప్రశ్న వేరు. మీ క్లబ్బులో మేనేజరు పనిని దేనితో కొలుస్తారు? ఆ కొలత ఏమిటో ఆయనకు పనిలో చేరిన రోజున చెబుతారా, తీసేసే రోజున చెబుతారా?

నేను నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో రొయ్యల సాగు చేసేవాడిని. మా జిల్లాలో ఆట అంటే క్రికెట్టే. ఫుట్‌బాల్ చూసేవారు కొద్దిమంది, అందులో మీ జట్టును పట్టుకుని వేలాడేవారు మరీ కొద్దిమంది. రొయ్యల చెరువులో తెల్లవారుజామున ప్రాణవాయువు బాగా పడిపోతుంది కనుక రాత్రంతా ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి, కరెంటు పోతే వెంటనే జనరేటరు వేయడానికి గట్టు మీద ఒక మనిషి మేలుకుని ఉండాలి. యూరప్ పోటీల మ్యాచ్‌లు మాకు ఎక్కువగా అర్ధరాత్రి దాటాక మొదలవుతాయి కాబట్టి, మా కాపలా వేళకూ మీ ఆట వేళకూ పొత్తు కుదిరింది. ఈ లేఖను తెలుగులోనే రాస్తున్నాను. నాతో కలిసి చూసేవారు చదువుకోవాలన్నది నా కోరిక, మీకు ఇంగ్లీషు ప్రతిని విడిగా పంపుతున్నాను.

మే 21న బిల్బావోలో మాంచెస్టర్ యునైటెడ్‌తో జరిగిన యూరోపా లీగ్ ఫైనల్ మా గడియారం ప్రకారం 22వ తేదీ రాత్రి పన్నెండున్నరకు మొదలైంది. రోహిణి కార్తె ఇంకా రాకముందే ఉక్కపోత పట్టుకుంది. మోటారు షెడ్డులో మేత బస్తాకు ఫోన్ ఆనించి నలుగురం చూశాము. 42వ నిమిషంలో సార్ వేసిన క్రాస్, ల్యూక్ షా ఒంటికి తగిలి, బ్రెనన్ జాన్సన్ కాలి దగ్గర ఏదో తడబాటుగా కదిలి గోల్‌లోకి వెళ్ళింది. అంత అందవిహీనమైన గోల్‌కు అంత ఆనందం మేము ఎప్పుడూ పడలేదు. రెండో సగంలో హోయ్‌లుండ్ తలతో కొట్టిన బంతి ఖాళీ గోల్‌లోకి పోతుండగా మికీ వాన్ డి వెన్ వెనక్కి పరుగెత్తి, గాలిలోకి లేచి, గీత మీద నుంచి కాలితో తన్నేశాడు. చివరి క్షణాలలో షా కొట్టిన హెడర్‌ను మన గోల్‌కీపర్ వికారియో ఆపాడు. 2008 లీగ్ కప్ తరువాత మీ తొలి ట్రోఫీ అది, 1984 తరువాత తొలి యూరప్ ట్రోఫీ కూడా అదే.

ఆ రాత్రి ఆటలో నేను గమనించిన ఒక సంగతి మీ పరిశీలనకు రాలేదేమోనని నా అనుమానం. పోస్టెకోగ్లూ గారి మీద ఉన్న పెద్ద విమర్శ ఆయన మొండివాడని. 2023 నవంబరులో చెల్సీ మీద ఇద్దరు ఆటగాళ్ళు ఎర్రకార్డులతో బయటికి వెళ్ళిపోయాక కూడా, తొమ్మిదిమందితోనే డిఫెన్స్‌ను మధ్యగీత దాకా తెచ్చి నిలబెట్టి 1-4తో ఓడినప్పుడు, ఆ విమర్శలో న్యాయం ఉందనే నేనూ అనుకున్నాను. అదే మనిషి బిల్బావోలో బంతిని ప్రత్యర్థికి వదిలేసి, ఆధిక్యం దొరికిన తరువాత గోల్ ముందు గోడ కట్టి, ఏ మాత్రం సిగ్గుపడకుండా మ్యాచ్‌ను గట్టెక్కించాడు. మాడిసన్, కులుసెవ్‌స్కీ, బెర్గ్‌వాల్ ముగ్గురూ గాయాలతో లేని జట్టుతో ఆయనకు తెలిసిన దారి అదొక్కటే. అవసరం వస్తే మారగలిగిన కోచ్ అని రుజువైన పదహారో రోజున ఆయనను పంపించారు.

అలాగని ప్రీమియర్ లీగ్‌లో జరిగినదాన్ని దాచిపెట్టే ఉద్దేశం నాకు లేదు. 38 మ్యాచ్‌లలో 22 ఓటములు, 38 పాయింట్లు, ఇరవై జట్లలో 17వ స్థానం. కింది డివిజన్‌కు దిగిపోయిన మూడు జట్లలో ఇప్స్‌విచ్, లీసెస్టర్ రెండూ మీ మైదానానికే వచ్చి 2-1తో గెలిచి పోయాయి. చివరి రోజున బ్రైటన్ చేతిలో సొంత మైదానంలోనే 1-4. మీరు తొలగింపు ప్రకటనలో చూపించిన లెక్క కూడా సరైనదే: 2023-24 సీజన్ ఆరంభంలోని మంచి రోజులను పక్కనపెడితే తరువాతి 66 లీగ్ మ్యాచ్‌లలో 78 పాయింట్లు. మొదటి పది మ్యాచ్‌లలో వచ్చిన 26 పాయింట్లను తీసేస్తే రెండేళ్ళ మొత్తం 104లో మిగిలేది అంతే, నేను కూడి చూసుకున్నాను. మంచి రోజులను లెక్కలోంచి తీసేసి చెడ్డ రోజులనే కూడితే ఎవరి చిట్టా అయినా అలాగే కనిపిస్తుందన్నది వేరే మాట. ఆ మొదటి పది మ్యాచ్‌లు కూడా ముఖ్య స్ట్రైకర్ హ్యారీ కేన్‌ను బాయర్న్‌కు అమ్మేసిన తరువాత, ఆయన లేకుండా ఆడినవే.

లెక్కతో నాకు పేచీ లేదు. ఆ లెక్కను బయటికి తీసిన సమయంతోనే నా పేచీ. లీగ్‌లో స్థానమే కొలత అయితే, జనవరి 26న లీసెస్టర్ చేతిలో ఓడిన రాత్రే తీర్పు వచ్చేసినట్టు. అప్పుడు ఆయనను తీసేసి ఉంటే ఇక్కడ మేమెవ్వరమూ పెద్దగా ఆశ్చర్యపోయేవాళ్ళము కాదు. మీరు తీయలేదు. ఆ తరువాత వసంతకాలమంతా ఆయన యూరోపా మ్యాచ్‌ల కోసం ముఖ్యమైన ఆటగాళ్ళను దాచుకుంటూ, లీగ్‌లో మార్చిన జట్లను దించుతూ వచ్చారు. ఆల్క్‌మార్, ఫ్రాంక్‌ఫర్ట్, బోడో జట్లను దాటుకుని ఫైనల్‌కు వెళ్ళింది ఆ పొదుపు వల్లనే. ఇది రహస్యంగా జరిగింది కాదు, ప్రతి వారం జట్టు జాబితాలో కనిపించింది. మీలో ఒక్కరైనా ఆయనను పిలిచి, లీగ్ స్థానం పోతే కప్పు వచ్చినా ఉద్యోగం ఉండదని చెప్పారా? చెప్పి ఉంటే ఆ మాట మాకూ తెలియాలి. చెప్పకపోతే, మీరు మౌనంగా ఒప్పుకున్న బేరంలో ఆయన తన వంతు పూర్తి చేసి ఇచ్చాక, మీరు మీ వంతును వెనక్కి తీసుకున్నట్టే అవుతుంది.

ఆ ఓటములకు గాయాలు ఎంతవరకు కారణమన్నది వాదించుకోదగినదే. ఆయన పరుగుల ఆటే గాయాలను తెచ్చిపెట్టిందనేవారి మాటనూ నేను కొట్టిపారేయను. కానీ నవంబరులో మాంచెస్టర్ సిటీని వాళ్ళ మైదానంలో 4-0తో ఓడించిన రోజున వికారియో చీలమండ విరిగినా ఆట చివరి దాకా నిలబడ్డాడు, ఆ తరువాత నెలల తరబడి లేడు. డిఫెండర్లు వాన్ డి వెన్, రొమేరో ఇద్దరూ కలిసి దిగిన మ్యాచ్‌లు ఆ శీతాకాలంలో వెతికితే గాని దొరకవు. పద్ధెనిమిదేళ్ళ మిడ్‌ఫీల్డర్ ఆర్చీ గ్రేను సెంటర్‌బ్యాక్‌గా నిలబెట్టవలసి వచ్చింది. జనవరిలో ఆటగాళ్ళను కొనుక్కునే విండో తెరుచుకున్న నాటికే ఈ సంగతి అందరికీ తెలిసినా, డిఫెండర్ కెవిన్ డాన్సో అది మూసుకోబోయే ముందు రోజున గాని రాలేదు. ఈలోగా పోయిన పాయింట్లను మీరు చూపిన ఆ 66 మ్యాచ్‌ల లెక్కలో ఎవరి ఖాతాకు రాశారో ప్రకటనలో లేదు.

ఈ వ్యవహారం ఒక్క పోస్టెకోగ్లూ గారితో మొదలైంది కాదు కనుకనే ఇంత పొడవైన లేఖ రాయవలసి వస్తోంది. లెవీ గారు 2001లో అధ్యక్ష స్థానానికి వచ్చిన నాటి నుంచి పంపివేతలను వరుసగా చూస్తే, వాటి మధ్య ఒక నియమం వెతుక్కోవడం చాలా కష్టం. 2007 అక్టోబరులో మార్టిన్ యోల్ తొలగింపు వార్త గెటాఫే మ్యాచ్ జరుగుతుండగానే స్టేడియంలో పాకిపోయింది. అంతకు ముందు రెండు సీజన్లు ఆయన వరుసగా ఐదో స్థానం తెచ్చారు. హువాండే రామోస్ 2008 ఫిబ్రవరిలో లీగ్ కప్ గెలిచి, అదే ఏడాది అక్టోబరుకు వెళ్ళిపోయారు. ఎనిమిది మ్యాచ్‌లలో రెండు పాయింట్లంటే ఎవరూ కాపాడలేరు లెండి. 2012లో హ్యారీ రెడ్‌నాప్ నాలుగో స్థానం తెచ్చినా తొలగించారు. చెల్సీ ఛాంపియన్స్ లీగ్ గెలవడంతో నాలుగో స్థానానికి ఆ పోటీలో దక్కవలసిన మీ చోటు పోయింది, అందులో ఆయన తప్పేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

పొచెట్టినో సంగతి మరీ మనసుకు కష్టం కలిగించింది. 2018 వేసవిలో ఒక్క ఆటగాణ్ణి కూడా కొనలేదు, తరువాతి జనవరిలోనూ కొనలేదు. కొత్త స్టేడియం పని పూర్తికాక ఏప్రిల్ దాకా వెంబ్లీలో అద్దె ఇంటి కాపురం చేసి కూడా ఆయన జట్టును 2019 జూన్ 1న మాడ్రిడ్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు తీసుకుపోయారు. అయిదున్నర నెలలకు, లీగ్‌లో జట్టు వెనకబడిందని, నవంబరు 19న పంపివేశారు. ఆయన స్థానంలో ట్రోఫీల కోసం మౌరిన్యోను తెచ్చారు. ట్రోఫీ కోసమే తెచ్చిన మనిషిని 2021 ఏప్రిల్ 19న, లీగ్ కప్ ఫైనల్ ఇంకా ఆరు రోజులుందనగా తీసేసి, ఇరవైతొమ్మిదేళ్ళ ర్యాన్ మేసన్ చేతికి జట్టునిచ్చి సిటీ మీదికి పంపారు. దానికి సమాధానంగా మీరు ఏమి చెప్పినా వినాలని నాకు నిజంగా కుతూహలం. ఆగస్టులో నెల ఉత్తమ మేనేజరుగా ఎంపికైన నూనో నవంబరు 1కల్లా లేరు.

అంటే, ఒకరిని లీగ్‌లో వెనకబడ్డారని, మరొకరిని కప్పు గెలిచే అవకాశం ముంగిట ఉండగా, ఇంకొకరిని లీగ్‌లో నాలుగో స్థానం తెచ్చాక, ఇప్పుడు ఈయనను కప్పు గెలిచాక పంపారు. విడివిడిగా చూస్తే ఒక్కోదానికి ఒక్కో కారణం చూపించవచ్చు. అన్నింటినీ కలిపి చూస్తే, కొత్తగా వచ్చే మనిషికి దేన్ని పట్టుకుని పని చేయాలో అంతుచిక్కదు.

మా చెరువుల దగ్గర ఇలా జరిగితే ఒక్క పంటకే కౌలుదారు దండం పెట్టి వెళ్ళిపోతాడు. సీడు, అంటే రొయ్య పిల్లలను, వదిలేటప్పుడే పెట్టుబడి పెట్టేవాడూ, చెరువు చూసుకునేవాడూ కూర్చుని మాట్లాడుకుంటారు: నూరు కౌంట్ (కిలోకు నూరు రొయ్యలు) రాగానే పట్టుబడి చేసి తక్కువ రాబడితో బయటపడదామా, లేక రోగం వస్తే వచ్చిందని తెగించి ముప్పై కౌంట్ దాకా పెంచుదామా అని. మేత లెక్క, మందుల లెక్క, చెరువులో ఎంత సీడు పట్టించాలన్న లెక్క అన్నీ ఆ మాట మీదనే నడుస్తాయి. ముప్పై కౌంట్ అని ఒప్పుకుని, చెక్ ట్రే ఎత్తి చూసి, బరువున్న రొయ్యను చేతిలో పట్టుకుని, ఇన్ని రోజులు ఎందుకు పట్టింది, సంఖ్య ఎందుకు తగ్గింది అని అడిగేవాడిని మా ఊళ్ళో పెద్దమనుషులు పంచాయితీకి కూడా రానివ్వరు.

మీ క్లబ్ చరిత్రలోనే దీనికి విరుగుడు ఉంది. కీత్ బర్కిన్‌షా గారు 1976లో మేనేజరు అయ్యారు, మొదటి సీజన్‌లోనే, 1977లో, మీ జట్టు ఫస్ట్ డివిజన్‌లో అట్టడుగున నిలిచి కింది డివిజన్‌కు పడిపోయింది. 1950 నుంచి పై డివిజన్‌లో ఉన్న జట్టు అది; 1961లో బిల్ నికల్సన్ గారి చేతుల మీదుగా లీగ్, ఎఫ్.ఎ. కప్ రెండూ ఒకే సీజన్‌లో గెలిచిన జట్టు. 1963లో యూరప్ పోటీలలో ఒక ట్రోఫీ గెలిచిన తొలి బ్రిటిష్ జట్టు. అంతటి జట్టు పడిపోయినా నాటి పాలకమండలి ఆయనను తొలగించలేదు. తక్షణం తిరిగి పైకి తీసుకురావాలన్న పనిని ఆయన ముందు పెట్టింది, 1978లో ఆయన ఆ పని పూర్తి చేశారు. ఆ వేసవిలోనే, అర్జెంటీనా ప్రపంచ కప్ గెలిచిన కొద్ది రోజులకే, ఆర్డిలెస్‌నూ రికీ విల్లానూ లండన్‌కు తెచ్చారు. విదేశీ ఆటగాళ్ళు ఇంగ్లండ్‌లో అరుదుగా కనిపించే కాలంలో అది ఎంత సాహసమో ఇప్పటివారికి చెబితే గాని తెలియదు. 1981లో, 1982లో ఎఫ్.ఎ. కప్, 1984లో యూయెఫా కప్ వచ్చాయి.

ఆ 1984 ఫైనల్‌లో ఆండర్‌లెక్ట్ మీద పెనాల్టీలతో గెలిచాక బర్కిన్‌షా గారు కూడా వెళ్ళిపోయారన్నది నాకు తెలుసు. అప్పటి పాలకమండలితో పొసగక తానే వెళ్ళారు. మళ్ళీ యూరప్ కప్పు రావడానికి నలభై ఒక్క ఏళ్ళు పట్టింది. కారణం అదొక్కటే అనడానికి నేను సాహసించను గాని, 1977లో ఆయనను నిలబెట్టకపోతే తరువాతి మూడు కప్పులూ వచ్చేవి కావన్నది మాత్రం గట్టిగా చెప్పగలను.

ఈ తొలగింపు గురించి మా నాయనకు చెప్పినప్పుడు ఆయన అడిగిన మాట ఒకటుంది. ఆయనకు ఫుట్‌బాల్ తెలియదు, ఆఫ్‌సైడ్ గురించి వివరించబోతే లేచి వెళ్ళిపోతారు. “కప్పు తెచ్చినోడినే ఇంటికి పంపించినారా అబ్బయ్యా? మరి వచ్చేవోడు ఏం తేవాలంట?” అన్నారు. మొదటి సగానికి నేను చాలా జవాబులు చెప్పాను. రెండో సగానికి నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గర ఉండాలి.

ఇక థామస్ ఫ్రాంక్ గారి గురించి. ఆయన రాకను నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను, పాత మేనేజరు మీది అభిమానం కొత్తవాడి మీద కోపంగా మారడం న్యాయం కాదు. 2018 అక్టోబరులో ఆయన బ్రెంట్‌ఫర్డ్ పగ్గాలు చేపట్టినప్పుడు మొదటి వారాల్లో గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. 2020లో పై లీగ్‌కు చేర్చే ప్లేఆఫ్ ఫైనల్ ఫుల్‌హామ్ చేతిలో పోయింది. ఆ రెండు సందర్భాలలోనూ బ్రెంట్‌ఫర్డ్ యాజమాన్యం కదలలేదు, ఎందుకంటే స్కోరు కన్నా ఆటలో ఎన్ని మంచి అవకాశాలు సృష్టించారు, ఎన్ని ఇచ్చారు అన్న లెక్కనే వాళ్ళు చూస్తారు, ఆ సంగతి ఆయనకూ ముందే తెలుసు. 2021లో స్వాన్సీని ఓడించి, 74 ఏళ్ళ తరువాత ఆ క్లబ్బును పై లీగ్‌లోకి తెచ్చారు. డేవిడ్ రాయాను, ఇవాన్ టోనీని ఒకరి తరువాత ఒకరిని అమ్ముకుంటూ కూడా నాలుగు సీజన్లు అక్కడే నిలబెట్టారు. మీరు ఈ మనిషిని ఎంచుకున్నది ఆయన సామర్థ్యం చూసే అయి ఉంటుంది. ఆ సామర్థ్యంలో సగం ఆయనదైతే, తక్కిన సగం ఆయన కింద కదలకుండా నిలిచిన నేలది. ఆ నేలను మీరు కొనుక్కు రాలేదు.

పైగా ఆయనకు పోస్టెకోగ్లూ గారు ఇచ్చి వెళ్ళిన బహుమతి ఒకటి, బరువు ఒకటి. రెండూ యూరోపా కప్పుతో దక్కిన ఛాంపియన్స్ లీగ్ చోటే. ఫ్రాంక్ గారు ఇంతవరకు యూరప్ పోటీలలో ఏ ఇంగ్లీషు జట్టునూ నడపలేదు. వారం మధ్యలో ఒక మ్యాచ్, వారాంతంలో ఒకటి ఆడుతూ ఆటగాళ్ళను కాపాడుకోవడం ఆయన కూడా కొత్తగా నేర్చుకోవలసిందే. రానున్న ఫిబ్రవరిలో ఆయన జట్టు యూరప్‌లో బాగా ఆడుతూ, లీగ్‌లో పన్నెండో స్థానంలో ఉందనుకుందాం. అప్పుడు ఏం చేస్తారు? ఆ రోజు మీ బోర్డు గదిలో మొదటిసారిగా మాట్లాడుకోవలసిన విషయం ఇది కాకూడదు.

ఈ వేసవిలో ముఖ్య కార్యనిర్వహణాధికారిగా బాధ్యతలు తీసుకుంటున్న వినయ్ వెంకటేశం గారికి కూడా ఒక మాట. వెంకటేశం అన్న పేరు మా ప్రాంతంలో వీధికొకటి వినిపిస్తుంది, ఆ చనువు కొంచెం తీసుకుంటున్నాను, మన్నించాలి. మీరు ఇంతకు ముందు పనిచేసిన ఆర్సెనల్ క్లబ్, ప్రత్యర్థి క్లబ్ కనుక మా అభిమానులకు ఆ పేరు పలకడం ఇష్టం లేకపోయినా, మేనేజరు ఆర్టెటా మొదటి రెండు సీజన్లలో వరుసగా ఎనిమిదో స్థానంలో ఉన్నప్పుడు ఆయనను నిలబెట్టింది. లోపల ఏ మాట అనుకుని అలా నిలబెట్టారో మీకు తెలుసు. ఆ అనుభవాన్ని దాటించడానికి మీ మధ్య దూరం నాలుగు మైళ్ళే.

నేను అడుగుతున్నది పెద్ద పత్రం కాదు, ఒక్క పేజీ. రాబోయే సీజన్‌లో లీగ్ ముందా, యూరప్ ముందా. రెండూ కలిసి రాకపోతే దేనిని వదులుకోవడానికి క్లబ్ సిద్ధంగా ఉంది. ఎలాంటి ఆటగాళ్ళను, ఏ వేళకు తెచ్చి ఇస్తామని కోచ్‌కు మాట ఇచ్చారు. ఆయన పనిని మళ్ళీ కూర్చుని సమీక్షించేది ఎప్పుడు. పాయింట్ల సంఖ్య రాయమని కూడా అడగడం లేదు. ఇంత మాత్రం ముందుగా చెప్పి, దాని ప్రకారమే వచ్చే ఏడాది ఫ్రాంక్ గారిని తొలగించినా నేను మారు మాట్లాడను. చెప్పకుండా తొలగిస్తే, ఆ రోజు మీరు విడుదల చేసే లెక్కలు ఎంత సరైనవైనా, వాటిని ఇక కూడి చూసుకునే ఓపిక నాకు ఉండదు.

ఆగస్టు 13న ఉడినేలో పారిస్ సెయింట్ జర్మెయిన్‌తో సూపర్ కప్ ఆడబోతున్నారు, మాకు మళ్ళీ అర్ధరాత్రి పన్నెండున్నర. ఆ పేజీని ఆ మ్యాచ్‌కు వారం ముందుగా బయటపెట్టవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ జట్టు అభిమాని,
ఇందుకూరుపేట మండలం,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.